పిల్లుల అవ్వ విన్న మాట

పోయిన నెల మా మనవరాలు ఒక పిల్లిని అట్టపెట్టెలో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. గాలి ఆడటానికి పెట్టెకు పక్కల చిల్లులు పొడిచి ఉన్నాయి. "డాక్టరమ్మ వద్దన్నది తాతా. నా కాన్పు అయ్యేదాకా మీ దగ్గర ఉండనీ" అన్నది. ఎందుకు వద్దన్నదని మా ఆవిడ అడిగితే ఏదో జబ్బు పేరు చెప్పింది. పిల్లి పెంటలోంచి వస్తుందట, తల్లికి ఏమీ కాదట, కడుపులో బిడ్డకే ముప్పట. ఇదంతా టీ తాగుతూ, బస్సు టైము చూసుకుంటూ మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ జబ్బు పేరు టాక్సోప్లాస్మోసిస్. నేను ఆ పేరు మొదటిసారి విన్నది డెబ్బైలలో, గోదావరిఖనిలో ఉన్నప్పుడు. మనవరాలు వెళ్ళాక మా ఆవిడ, నేను ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తుకు వచ్చింది.

ఆమె పేరు నాకు తెలియదు. ఉద్యోగంలో చేరక ముందు నుంచీ రోజూ డైరీ రాయడం నాకు అలవాటు. ఆ సంవత్సరాల డైరీల్లో ఆమె చాలాసార్లు వస్తుంది, వచ్చిన ప్రతిచోటా 'పిల్లుల అవ్వ' అనే రాసి ఉంది. కాలనీ అంతా అట్లాగే పిలిచేది. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చి పేరడిగితే, "మల్లేశు తల్లి అని రాసుకో కొడుకా. నన్ను పేరు వెట్టి పిలిచేటోడు బొగ్గు కింద పండుకున్నడు" అన్నది. వాళ్ళు ఇంకేమీ అడగకుండా అట్లాగే రాసుకున్నారు.

కంపెనీ ఇచ్చిన క్వార్టర్ల వరుసలో మా ఇల్లు చివరిది. ఆమెది మా పక్కది. నేను గని ఆఫీసులో క్లర్కును. ఆమె కొడుకు మల్లేశు గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. రెండు ఇళ్ళ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీద ఎప్పుడు చూసినా ఒక పిల్లి పడుకొని ఉండేది. అవతల ఇంకా ఎన్నో. ఎన్ని ఉన్నాయని మా ఆవిడ ఒకసారి అడిగితే ఆమె చెయ్యి అడ్డం ఊపింది. "బిడ్డల్ని, పిల్లుల్ని లెక్కవెట్టద్దు. దిష్టి తగుల్తది."

మనిషి పొట్టిది, గట్టిది. పిల్లిని ఎత్తేటప్పుడు మెడ పట్టి ఎత్తేది కాదు. కొంగు దాని కడుపు కిందికి జార్చి, పసిబిడ్డను జోలెలోకి తీసుకున్నట్టు తీసుకునేది. పిల్లి ఎదురైతే చెడు జరుగుతుందని ఎక్కడైనా అనుకునేదే. ఊళ్ళో అయితే కాసేపు కూర్చొని, గుక్కెడు నీళ్ళు తాగి బయలుదేరుతారు. గనికి పోయేవాడికి ఆ తీరిక లేదు. కూర్చుంటే హాజరు పోతుంది. కూర్చోకుండా పోతే, ఆ రోజంతా తల మీద ఉన్న కప్పు వంకే చూస్తూ పని చేస్తాడు. అందుకని షిఫ్టు సైరన్ మొదటిసారి మోగగానే ఆమె పిల్లులన్నింటినీ ఏరుకొచ్చి, పెద్ద వెదురు గంప కింద మూసి, గంప మీద కూర్చునేది. మగవాళ్ళంతా టోపీలు పెట్టుకొని, టిఫిన్లు పట్టుకొని ఆమె గుమ్మం ముందు నుంచి పోయేవారు. గంప కింద రణం జరుగుతూ ఉండేది. పైన ఆమె కదలకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చునేది.

"ఏంది అవ్వా, గుడ్లు పెడ్తున్నవా?" అని ఎవడో ఒకడు అనేవాడు.

"పెడ్తున్న. పొదిగినంక నీ ఇంటికే తోలిస్త పో."

"మా ఇంట్ల వద్దే. మా ఆమెనే గీకుతది."

నవ్వుకుంటూ పోయేవారు. గనిలోకి దిగేవాణ్ణి నవ్వించి పంపడం కూడా ఆమె పనుల్లో ఒకటని నాకు అనిపించేది.

ఆమె భర్త మేము ఆ క్వార్టరుకు రాకముందే గనిలో కప్పు కూలి చనిపోయాడు. కింద ఎలుకలు ఉరికితే కప్పు కూలబోతోందని గుర్తు. పనివాళ్ళు తమ టిఫిన్లోంచి వాటికి మెతుకులు వేస్తారు. ఆమె దీన్ని గురించి అనే మాట ఒకటుండేది. "కింద ఎలుక కాపాడాలె, పైన పిల్లి కాపాడాలె. మా ఆయన తిన్నదానికంటె ఎలుకలకే ఎక్కువ వేసేటోడు. ఆ రోజు అవి చెప్పలే." ఇట్లా అని పిల్లి తల నిమిరేది. బియ్యం బస్తా కాపాడేది ఈ పిల్లే. కాబట్టి ఇది మాట తప్పలేదని ఆమె లెక్క.

ఇక బూడిద గురించి చెప్పాలి. కాలనీలో అందరివీ బొగ్గు పొయ్యిలే. ప్రతి ఇంటి వెనకా బూడిద కుప్ప. ఆమె ఇంటి వెనక కుప్ప అందరికంటే పెద్దది, మెత్తనిది. రోజూ జల్లెడ పట్టి, గడ్డలు, రాళ్ళు తీసేసి, పిండి లాంటి బూడిద వేరుగా పోసేది. గిన్నెలు తోముకోవడానికి వరుసలోని ఆడవాళ్ళు డబ్బాలు తెచ్చుకొని నింపుకొని పోయేవారు. "నిప్పుల కాలినదానికి మైల ఏడిది? సబ్బు కంపెనోడు చేస్తడు, గిది అగ్గిదేవుడు చేస్తడు" అనేది. పిల్లులకు కూడా ఆ కుప్ప ఇష్టమే. వెచ్చగా ఉంటుంది, తవ్వడానికి సులువు. వాటి పని కానిచ్చుకొని, వెనక కాళ్ళతో శుభ్రంగా కప్పిపెట్టి పోయేవి. అది చూసి ఆమె మురిసిపోయేది. "చూసినవా, మనుషుల కంటె మర్యాద తెల్సినయి."

ఆమెకు కావలసింది ఒక్కటే. మల్లేశుకు ముందు ఆమెకు పుట్టినవాళ్ళు ఎవరూ దక్కలేదు. మల్లేశుకు కనకవ్వ అనే పిల్లను మంథని పక్క పల్లె నుంచి చేసుకొచ్చిన రోజు నుంచీ ఆమె గోడ మీద మోచేతులు ఆనించి మా ఆవిడతో అనే మాట ఇదే. "మొగదైతేంది, ఆడదైతేంది. నా ఇంటికి ఒక్క ప్రాణి మంచిగ దక్కాలె. ఒక్కటే. రెండోది అడిగితే నన్ను తిట్టు."

కనకవ్వకు నెల తప్పగానే ఆమె కోడలిని నేల మీద నడవనివ్వలేదు. కనకవ్వకు అందరు వేవిళ్ళ ఆడవాళ్ళలాగే మట్టి తినాలని కోరిక పుట్టింది. మట్టి పురుగుల మయమని అవ్వ ఒప్పుకోలేదు. దానికి బదులు కుప్పలోంచి అన్నింటికంటే మెత్తని బూడిద తీసి, మళ్ళీ గుడ్డలో వడపోసి, చిన్న గిన్నెలో పోసి చేతికిచ్చేది. కోడలు చిటికెడు చిటికెడు నాలుక మీద వేసుకుంటుంటే పక్కన కూర్చొని చూసేది. "నువ్వు కాదే అడిగేది. లోపలున్నది అడుగుతున్నది. తిను."

అత్త కోడలిని అంత ముద్దు చేయడం ఆ వరుసలో ఎవరూ చూడలేదు. మా ఆవిడ కూడా ఆ రోజుల్లో నాతో ఈ మాటే అనేది.

నాలుగో నెలలోనో ఐదో నెలలోనో కనకవ్వకు జ్వరం వచ్చింది. మెడ కింద బిళ్ళలు కట్టాయి. అవ్వ పసుపు వెచ్చజేసి పట్టు వేసింది. జ్వరం దానంతట అదే పోయింది. ఎవరూ దాన్ని జబ్బని కూడా అనుకోలేదు.

బిడ్డ పుట్టాడు. మొదట అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. తర్వాత తల పెరగడం మొదలుపెట్టింది. ఒళ్ళు చిన్నదిగా, తల పెద్దదిగా, కళ్ళు కిందికి వాలిపోయినట్టుగా. దీపం తెచ్చి ముందు తిప్పినా చూపు దాని వెంట తిరిగేది కాదు. అవ్వ వేలు చూపించేది, చిటికె వేసేది. పిల్లిని తెచ్చి బిడ్డ పక్కన పడుకోబెట్టి, ఆ వెచ్చదనానికైనా తల తిప్పుతాడేమోనని చూసేది. చివరికి రైలెక్కి పోవలసిన ఊళ్ళో ఉన్న మిషన్ దవాఖానకు తీసుకుపోయారు. బిడ్డ నెత్తురు, తల్లి నెత్తురు తీసి ఏదో పట్నానికి పంపారు. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు జవాబు చెప్పాడు. ఆయన మలయాళ దేశం నుంచి వచ్చినవాడు. తెలుగు అక్కడి నర్సుల దగ్గర నేర్చుకున్నాడు. మల్లేశు మందుల చీటీ పట్టుకొని బయట వరుసలో నిలబడ్డాడు. లోపల ఉన్నది ఇద్దరే, అత్తా కోడలు.

తిరిగి వచ్చేటప్పటికి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఒకే గదిలో, ఒకే నోటి నుంచి, ఇద్దరు రెండు మాటలు విని వచ్చారు.

అవ్వ గోడ దగ్గరికి వచ్చి మా ఆవిడతో మెల్లగా చెప్పింది. "పిల్ల నుంచి వచ్చిందన్నడు బిడ్డా. పిల్లకే ఉన్నదట దోషం. ఒకసారి వచ్చింది, మళ్ళ రాదన్నడు. ఇంక దీని కడుపు పండదు."

మా వైపు కోడలిని పిల్ల అనడం మామూలే. కడుపు రావడం అన్నా మామూలే. మా ఆవిడకు అందులో తప్పేమీ కనపడలేదు. మా ఆవిడ ఏడ్చింది కూడా.

కొన్నాళ్ళకు బిడ్డ పోయాడు. ఆ తర్వాత మల్లేశు వైపు కులపెద్దలు వచ్చి ఇంటి ముందు నులక మంచాలు వేసుకొని కూర్చున్నారు. పక్కింటివాణ్ణి కాబట్టి నేనూ ఒక పక్కన నిలబడ్డాను. కనకవ్వను పుట్టింటికి పంపి మల్లేశుకు వేరే సంబంధం చూడాలా వద్దా అన్నదే విషయం. కనకవ్వ గుమ్మంలో నిలబడి, కొంగు భుజం చుట్టూ తిప్పుకొని, నెమ్మదిగానే చెప్పింది.

"డాక్టరు పిల్ల అనలే. పిల్లి అన్నడు. పిల్లి నుంచి వచ్చిందన్నడు. ఒకసారి వస్తే మళ్ళ రాదు అన్నది జబ్బును. నాకు ఇంక భయం లేదన్నడు."

"భయం లేదన్నది నీ పానానికి" అన్నది అవ్వ. "నా చెవులు మంచిగనే ఉన్నయి."

పెద్దమనిషి ఒకాయన చుట్ట తీసి అడిగాడు. "పిల్లి నుంచంటే ఎట్ల బిడ్డా? కరిచిందా?"

"లేదు."

"గీకిందా?"

"లేదు."

"మరి ఏం చేసింది? శాపం పెట్టిందా?"

కొందరు నవ్వారు. ఎట్లాగో డాక్టరు చెప్పే ఉంటాడు, కనకవ్వ పట్టుకున్నది ఆ ఒక్క మాటనే. అవ్వ మాత్రం నవ్వలేదు. గడపలో ఉన్న పిల్లిని కొంగులోకి తీసుకొని, "నీ కడుపుల దోషాన్ని నోరులేని జీవి మీద పెడ్తవా?" అన్నది. ఆ మాటతో పంచాయితీ అయిపోయింది.

కనకవ్వ మూట కట్టుకొని బయలుదేరింది. తిట్టలేదు, మట్టి ఎత్తి పొయ్యలేదు. వాకిట్లో ఆగి, "పిల్లులకు పొద్దటిసంది పాలు పొయ్యలే అత్తా, చూసుకో" అని చెప్పి పోయింది.

సంబంధం కుదిరి మల్లేశుకు సరోజను చేసేసరికి రెండేళ్ళు పట్టింది. సరోజ వాగు అవతల అడవి పక్క పల్లె నుంచి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కుక్కలే తప్ప పిల్లులు లేవట. వచ్చిన కొత్తలో పిల్లి మ్యావుమంటే ఉలిక్కిపడేది. అవ్వ నవ్వి, చెయ్యి పట్టుకొని తెచ్చి, వీపు మీద ఎట్లా నిమరాలో నేర్పింది. ఎండాకాలం వచ్చేసరికి సరోజ గిన్నెలు తోముతుంటే ఒక పిల్లి ఆమె ఒడిలో, ఒకటి బూడిద కుప్ప మీద ఉండేవి. ఆమెకు నెల తప్పింది. అవ్వ మళ్ళీ గుడ్డ తీసి బూడిద వడపోయడం మొదలుపెట్టింది.

అవ్వలో మార్పు నేను మొదట చూసింది ఆ రోజుల్లోనే. మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చిన ఒకతను మాటల్లో చెప్పాడు, కనకవ్వ మారుమనువు చేసుకొని మందమర్రిలో ఉందనీ, బిడ్డ పుట్టిందనీ.

అవ్వ జల్లెడ ఆపింది. "ఎట్లున్నది బిడ్డ?"

"ఎట్లుంటది? ఇల్లు పీకి పందిరేస్తున్నది. తల్లి వెనక ఉరకలేక సస్తున్నది."

"కండ్లు?"

"కండ్లకేమైందే అవ్వా? గుండ్రంగున్నయి."

ఆమె మళ్ళీ జల్లెడ పట్టలేదు. తనలో తనే అన్నది. "మళ్ళ రాదన్నడు గద. మరెట్ల వచ్చింది?" ఆ మాట తర్వాత కూడా చాలాసార్లు విన్నాను. పిల్లులకు పాలు పోస్తూ, వాకిలి ఊడుస్తూ, మధ్యలో ఆగి, ఎవరినో అడుగుతున్నట్టు. "మరెట్ల వచ్చింది?"

ఆ వారంలోనే సరోజకు జ్వరం వచ్చింది. మెడ కింద బిళ్ళలు కట్టాయి. పసుపు పట్టు వెయ్యడానికి వంగిన అవ్వ చెయ్యి అక్కడే ఆగిపోయిందని మా ఆవిడ చెప్పింది. ఆ బిళ్ళలను ఆమె ముందు ఒకసారి చూసి ఉంది. ఆ రోజు నుంచి సరోజ కాన్పు అయ్యేదాకా అవ్వ సరిగ్గా అన్నం తినలేదు. మల్లేశు, "ఏందే అవ్వా, కడుపు నీకా దానికా?" అని నవ్వేవాడు.

సరోజకు ఆడబిడ్డ పుట్టింది. తల మామూలుగానే ఉంది. అవ్వ ఊపిరి పీల్చుకున్నది. కాని నెలలు గడిచినా ఆ బిడ్డ కళ్ళు ఎవరి మీదా నిలిచేవి కావు. నల్లగుడ్డు వెనక తెల్లగా మచ్చలాగా కనిపించేది. చప్పుడయిన వైపు తల తిప్పేది, చూపు మాత్రం వేరే ఎటో ఉండేది.

ఈసారి మిషన్ దవాఖానకు వాళ్ళతో నన్ను రమ్మన్నది అవ్వే. "నువ్వు సదువుకున్నోనివి. ఆయన మాట నువ్వు విను. నేను బయట కూసుంట" అన్నది. సరోజ, బిడ్డ, నేను లోపలికి పోయాం. అదే డాక్టరు. పాత కాగితాలు చూసి తల ఎత్తాడు.

"మళ్ళీ అదే ఇల్లు? మొదటి అమ్మాయి ఎక్కడ?"

చెప్పాను. ఆయన కలం మూత పెట్టేశాడు. జబ్బు పేరు చెప్పి, నిదానంగా వివరించాడు. ఈ జబ్బు పిల్లి పెంట నుంచి మట్టిలోకి, బూడిదలోకి, అక్కడి నుంచి చేతికి, నోటికి వస్తుంది. ఈ సంగతి శాస్త్రానికే ఈ మధ్య తెలిసింది. చిన్నప్పుడే తగిలినవాళ్ళకు తెలియకుండానే వచ్చి పోతుంది, ఇక ఏమీ కాదు. అందుకే ఆ వరుసలో మిగతా ఆడవాళ్ళ బిడ్డలు బాగున్నారు. కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి తగిలితేనే బిడ్డకు పోతుంది. తగిలినామెకు తర్వాతి కాన్పులకు ముప్పు లేదు.

"మొదటి అమ్మాయిని ఉంచుకుంటే ఈ పాటికి మంచి బిడ్డ ఉండేది" అన్నాడు. "నేను చెప్పాను కదా. పిల్ల్ నుంచి వచ్చింది, మళ్ళ రాదు."

ఆయన నోట్లో మాట చివర మింగినట్టు పలికింది. తెలిసి విన్నా నాకు అది పిల్లి అని వినపడలేదు. "పిల్లి అంటే, మ్యావుమనేదా డాక్టరుగారూ?" అని రూఢి చేసుకోవడానికి అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, "ఇంకేమిటి?" అన్నాడు.

బయట బల్ల మీద అవ్వ కూర్చొని ఉంది. నా మొహం చూసి బిడ్డను తన ఒళ్ళోకి తీసుకున్నది. అది పిల్లి నుంచి, బూడిద నుంచి వచ్చిందని రైల్లో చెప్పాను. మరునాడు పొద్దున మా ఇంటి వెనక అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. ఒక బొగ్గు ముక్క నా చేతిలో పెట్టి, "పిల్ల ఎట్ల రాస్తరు, పిల్లి ఎట్ల రాస్తరు? రాసి సూపియ్యి కొడుకా" అన్నది.

అరుగు మీద రెండు మాటలూ పక్కపక్కన రాశాను. ఆమెకు చదువు రాదు. రెండింటినీ చాలాసేపు చూసి, ఒకదాని చివరి అక్షరం మీదున్న వంకర గీతను వేలితో తాకింది.

"గిదొక్కటేనా తేడా?"

"అదొక్కటే."

"దీన్ని ఏమంటరు?"

"గుడి అంటారు అవ్వా."

"దేవుడుండే గుడా?"

"పేరు అదే. ఇది అక్షరానికి పెట్టేది."

ఆమె ఆ గీత మీద వేలు అట్లాగే ఉంచింది. "మళ్ళ రాదన్నది జబ్బునా?"

"జబ్బునే."

"అంటె కనకవ్వకు మంచిది పుట్టేదే. నా ఇంట్లనే పుట్టేదే." ఏడవలేదు. లెక్క సరి చూసుకుంటున్నట్టుంది గొంతు. "ఆ పిల్ల సక్కగ విన్నది. సక్కగ చెప్పింది." కొంచెం ఆగి అడిగింది. "సరోజకు గూడ మళ్ళ రాదు గద?"

"రాదు. ఈసారి బిడ్డ మంచిగా ఉంటుందని డాక్టరు నాతోనే చెప్పాడు."

ఆమె లేచింది. వెంటనే లోపలికి పోయి పిల్లులను ఒక గోనె సంచిలోకి ఎక్కించి, తనే నెత్తిన పెట్టుకొని కాలువ దాటించి వదిలి వచ్చింది. వచ్చి బూడిద కుప్ప ఎత్తిపోయడం మొదలుపెట్టింది. కుప్ప తరగకముందే పిల్లులు ఒక్కొక్కటిగా గోడ దిగి వచ్చాయి. కుక్క మనిషిని పట్టుకుంటుంది, పిల్లి ఇంటిని పట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు. ఇంకోసారి వదిలింది. ఇంకోసారి వచ్చాయి.

ఈలోగా కులపెద్దలు మళ్ళీ మంచాలు వేసుకొని కూర్చున్నారు. ఈసారి మాట సరోజ గురించి. మల్లేశు మేనమామ వైపు ఇంకో సంబంధం ఉందట. ఈసారి గుమ్మంలో నిలబడి మాట్లాడింది అవ్వ. కనకవ్వ చెప్పిన మాటనే చెప్పింది, దాదాపు అవే ముక్కల్లో. పిల్లి నుంచి వచ్చింది. మళ్ళ రాదు. సరోజకు పుట్టబోయేది మంచిగ ఉంటది. సరోజను పంపద్దు. బూడిద సంగతి, చేతి సంగతి, నోటి సంగతి అన్నీ చెప్పింది. నేను పక్కనే నిలబడి డాక్టరు మాట నిజమేనని చెప్పాను.

మల్లేశు మొహం చిన్నబోయి ఉంది. నలుగురిలో తల్లి ఇట్లా మాట్లాడటం అతనికి కష్టంగా ఉంది. "అప్పుడు నువ్వే పిల్ల అన్నవు" అన్నాడు. "ఇప్పుడు పిల్లి అంటున్నవు. రేపు పల్లి అంటవా అవ్వా?"

జనం నవ్వారు. మంచాల మీద ఉన్నవాళ్ళు కడుపు పట్టుకొని నవ్వారు. పల్లికాయ అమ్మేవాణ్ణి పిలిచి పంచాయితీ పెట్టమని ఒకడన్నాడు. గనికి పోయే మగవాళ్ళను ఇన్నేళ్ళు నవ్వించిన మనిషి ఆ నవ్వుల మధ్య నిలబడి, నవ్వు తగ్గేదాకా ఆగింది. తగ్గాక అన్నది. "సరోజ పోతె నేను గూడ పోత."

"పో" అన్నాడు మల్లేశు. నిజంగా పోతుందని అతను అనుకోలేదు.

పోయింది. సరోజ ముందు, చూపు లేని బిడ్డను చంకన వేసుకొని అవ్వ వెనక. బస్సు దాకా నేను, మా ఆవిడ తోడు వెళ్ళాం. పిల్లులను ఏం చేస్తావని మా ఆవిడ అడిగింది. "అవి ఇంటియి బిడ్డా, నాయి గావు" అన్నది. వెనక్కి చూడలేదు. తర్వాత ఆమెను మేము చూడలేదు. వాగు అవతలి నుంచి వచ్చేవాళ్ళు చెప్పేవారు. ఆ బిడ్డను ఎత్తుకొని ఊరంతా తిరుగుతుందట. బండి పోతే ఇది బండి, కోడి కూస్తే ఇది కోడి, ప్రతి చప్పుడుకూ పేరు చెబుతుందట. ఒక వానాకాలం ఆమె పోయిందని కబురు మాత్రం వచ్చింది.

ఆమె వెళ్ళిపోయిన తర్వాత ఆ వరుసలో ఎవరికి ఏ జబ్బు చేసినా "పల్లి నుంచి వచ్చింది" అనడం మొదలైంది. దగ్గు వస్తే పల్లి. కాలు బెణికితే పల్లి. బజారులో పల్లీలు కొంటూ కూడా అనేవాళ్ళు. నేను ఎవరికైనా ఆ జబ్బు గురించి చెప్పబోతే, మొదటి మాటకే అవతలి మనిషి పెదవులు నవ్వుకు సిద్ధమయ్యేవి.

అవ్వ వెళ్ళిపోయిన ఏడే మల్లేశు కొత్త పెళ్ళాన్ని తెచ్చాడు. చలాకీ అయిన పిల్ల. వచ్చిన రోజే వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, గిన్నెలు ముందేసుకొని కూర్చున్నది. అన్నం పెట్టేవాళ్ళు లేక ఎండిపోయిన పిల్లులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆమె చుట్టూ చేరాయి. మా ఆవిడ గోడ దగ్గరికి పోయింది. పిలిచి, నెమ్మదిగా, భయపెట్టకుండా చెప్పాలని చూసింది.

"చూడు బిడ్డా, ఆ పిల్లుల్ని జర దూరం పెట్టు. ఆ బూడిద ముట్టకు. రేపు కడుపుతోని ఉన్నప్పుడు..."

ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగడం లేదు.

"పల్లి ముచ్చటేనా అక్కా? నాకు లగ్గం నాడే చెప్పిండ్రు" అన్నది. అంటూనే వంగి, బూడిదలో దొర్లుతున్న ఒక చిన్న పిల్లికూనను ఎత్తి, ముద్దుగా చెంపకు ఆనించుకుంది.